తెల్ల దుప్పట్లు లేని గది

జూన్ 3

వదినకు,

అన్నయ్య మోకాలూ, నీ క్యారేజీల పనీ రెండూ ఆగకుండా నడుస్తున్నాయని అనుకుంటున్నాను. ఫోన్ చేద్దామనే చూశాను. కానీ ఫోన్లో నీకు సగమే వినపడుతుంది, నువ్వు అరిచేది మాత్రం మా పక్కవాటా వాళ్ళకి కూడా వినపడుతుంది. అందుకని ఉత్తరమే నయమనిపించింది.

జూలై రెండో వారంలో నేను మీ నగరానికి రావాలి. చాలాకాలంగా నడుం నొప్పి ఉంది. మీ పెద్దాసుపత్రికి ఒక డాక్టరమ్మ వస్తుందిట, చాలా మంచి పేరు. ఆవిడ ఆ వారం చూసి వెళ్ళిపోతే మళ్ళీ ఏడాది దాకా ఈ దేశంలోనే ఉండదు. ఇక్కడి డాక్టరు ఆవిడకి స్వయంగా రాసి నాకు ఒక రోజు ఇప్పించాడు. పరీక్షలూ అవీ కలిపి వారం పడుతుందన్నాడు. నాకున్న ఒకే ఒక్క ఆశ అది.

ఇప్పుడు అసలు సంగతి. ఆసుపత్రికి దగ్గర్లో నాకొక లాడ్జి గది చూసిపెట్టు. ఖరీదు ఎక్కువ కాకూడదు, శుభ్రంగా ఉండాలి, బాత్రూము గదిలోనే ఉండాలి. నువ్వు ఊరంతా భోజనం క్యారేజీలు వేసే మనిషివి కాబట్టి నీకు తెలియని వీధి ఉండదు.

మనింటికి రమ్మని మాత్రం అనొద్దు. మీ మూడంతస్తులు నేను ఎక్కలేను, అక్కణ్ణుంచి ఆసుపత్రి కూడా దూరం. అన్నయ్యకి నువ్వే నచ్చజెప్పు.

ఇట్లు,
చంటి


జూన్ 9

చంటికి,

దీవెనలు చివర్లో పెడతాను, ముందు తిట్లు తిను. సొంత అన్నయ్య ఉన్న ఊళ్ళో లాడ్జిలో దిగుతానంటావా? యాభై మూడేళ్ళొచ్చినా ఆయన నిన్ను చంటీ చంటీ అని పిలుస్తుంటే నేను నవ్వేదాన్ని. ఇప్పుడు తెలిసింది, ఆ పేరు నీకు సరిగ్గానే సరిపోయింది. మెట్లు ఎక్కలేవా? మీ అన్నయ్య ఆ మోకాలితో రోజూ రెండుసార్లు ఎక్కి దిగడం లేదూ?

ఇంకో మాట విను. ఎప్పటికైనా నువ్వొస్తావని నేను ఏప్రిల్‌లోనే కొత్త పరుపు కుట్టించాను. మంచి దూది. ఇంతవరకూ దానిమీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు. మీ అన్నయ్య ఒకసారి నడుం వాల్చబోతే లేపేశాను. అది చంటిది, నువ్వు లే అన్నాను. ఇప్పుడు దాన్నేం చేసుకోమంటావు?

సరే, ఆడపడుచు అడిగితే వదిన కాదంటుందా. నిన్న క్యారేజీలు ఇచ్చేసి, ఖాళీ గిన్నెల సంచి భుజాన వేసుకుని గదుల వేటకి బయల్దేరాను. ఈ ఊళ్ళో ఒక్క రాత్రికి అడిగేది వింటే మనవైపు ఒక నెల ఇంటద్దె గుర్తొస్తుంది.

మొదటిదాని బోర్డు చూసి మోసపోయాను. బోర్డు కొత్తది, లోపల అంతా పాతదే. కౌంటర్లో బనీను వేసుకుని కూర్చున్నవాడు, అరవై ఏళ్ళదాన్ని, గిన్నెల సంచితో ఉన్నదాన్ని పట్టుకుని, "గంటకా అమ్మా, రోజుకా?" అన్నాడు. నీ మొహానికి నిమిషం చాలు అని వచ్చేద్దామనుకున్నాను గానీ, నీకోసం పైకెళ్ళి చూశాను. దిండు మీద ఎవరిదో తలనూనె మరక. ఆరు గదులకీ కలిపి వరండా చివర ఒకటే బాత్రూము. వాసన చెప్పను, నువ్వు తర్వాత అన్నం తినాలి కదా.

రెండోది మాత్రం, చంటీ, చూస్తే నువ్వే ముద్దు పెట్టుకుంటావు. ఆసుపత్రి గేటుకి ఎదురు వీధి. అద్దె కూడా ఫరవాలేదు. దుప్పట్లు పాలలాగా ఉన్నాయి. గోడలు తెలుపు, తువ్వాళ్ళు తెలుపు, కాళ్ళు తుడుచుకునే పట్టా కూడా తెలుపే. అక్కడి మేనేజరు సన్నగా, ఇస్త్రీ మడతలాగా ఉంటాడు. ఇంత శుభ్రం ఎలాగయ్యా అని అడిగితే, "దుప్పటి మీద టీ చుక్క పడినా మేం ఊరుకోం అమ్మా. పరుపు పాడైతే పరుపు ఖరీదంతా అక్కడికక్కడే వసూలు చేస్తాం. రోజూ పొద్దున్నే నేనే వచ్చి చూస్తాను" అన్నాడు. ఇలాంటి మొగుడు దొరికుంటే నా ఇల్లు అద్దంలా ఉండేది కదా అనిపించింది. నువ్వు ఊఁ అంటే చాలు, అడ్వాన్సు కట్టేస్తాను.

దీవెనలతో,
నీ వదిన


జూన్ 15

వదినకు,

నాకోసం అంత తిరిగావు. నీ కాళ్ళకి దణ్ణం. కానీ ఆ రెండో హోటలు వద్దు. ఆ మేనేజరు నాకేం నచ్చలేదు. రోజూ పొద్దున్నే వచ్చి చూడ్డానికి అతనెవరు? డబ్బులిచ్చి దిగాక ఆ గది నాది కాదా?

ఇంకెక్కడైనా చూస్తే ఇవి కొంచెం అడుగు. మంచం బాత్రూముకి దగ్గరగా ఉందా? రాత్రంతా నీళ్ళు వస్తాయా? దుప్పట్లు ముదురు రంగువి ఉంటాయా, పరుపు మీద రెక్సిన్ లాంటిదేమైనా వేస్తారా? పనివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే తలుపు తీసుకుని వస్తారా, పిలిస్తేనే వస్తారా? ఉతికినవి ఆరేసుకోడానికి ఎవరికీ కనపడని చోటు ఉందా? ఇవన్నీ ఎందుకని అడక్కు. ఒంటరి మనిషిని, చాదస్తం పెరిగిందనుకో.

నీ పరుపు సంగతి చదివి మనసు ఎలాగో అయిపోయింది. దాన్ని అలా దాచకు. అన్నయ్యని పడుకోమను, ఆయన నడుముకైనా సుఖంగా ఉంటుంది.

ఇక్కడి విశేషం ఒకటి ఉంది. నన్ను బస్టాండు బుకింగ్ కౌంటరు నుంచి పార్సిళ్ళ గదికి మార్చారు. నేనే అడిగి వేయించుకున్నాను. గోనెసంచులూ, టైర్లూ, కోడిపిల్లల పెట్టెలూ, వీటి మధ్య ప్రాణం హాయిగా ఉంది. కోడిపిల్లలు చిల్లర అడగవు, నీ మొహం చూసి గొణుక్కోవు. సాయంత్రం ఆరయ్యేసరికి ఇంట్లో ఉంటున్నాను.

ఇట్లు,
చంటి


జూన్ 21

చంటికి,

ఈ ఉత్తరం కోపంగా రాస్తున్నాను, కాబట్టి కోపంగానే చదువు.

నువ్వు అడగమన్నవన్నీ అడిగాను. ఒకచోట రాత్రంతా నీళ్ళు వస్తాయా అంటే, చావిడిలో కూర్చున్నవాళ్ళు నేనేదో బట్టలుతికే వ్యాపారం పెడుతున్నానని నవ్వారు. ఇంకోచోట ఆరేసుకునే చోటు చూపించమంటే, పని కావాలా అమ్మా అని అడిగారు. అవన్నీ భరించాను. చివరికి ఆ ఇస్త్రీ మడత మేనేజరు దగ్గరికే మళ్ళీ వెళ్ళి, ముదురు రంగు దుప్పట్లు వేస్తావా నాయనా అని బతిమాలాను. అతను నన్ను ఎగాదిగా చూసి, "ముదురు దుప్పట్లు మరకలు దాచుకునే హోటళ్ళలో ఉంటాయమ్మా, మా దగ్గర కాదు" అన్నాడు.

ఇంటికొచ్చే దారంతా అదే ఆలోచన. పాలలాంటి గది నీకు వద్దు. నేను కుట్టించిన కొత్త పరుపు వద్దు. మరకలు దాచుకునే కొంప కావాలి. అంటే ఎంత మురికి లాడ్జి అయినా సరే, నా ఇంటికంటే మేలన్నమాట.

మీ అన్నయ్య నా భుజం మీదుగా నీ ఉత్తరం చదివాడు. అన్నం దగ్గర కూర్చున్నాక, "దానికి మనిల్లు నచ్చదు, అంతే" అని కంచం ముందునుంచి లేచిపోయాడు. ముప్పై ఏళ్ళు ప్రెస్సులో అక్షరాలు కూర్చిన మనిషి, ఆయన ఒక్క మాట అన్నాడంటే పది మాటలు మింగి ఉంటాడు.

ఇంకా కడుపులో పెట్టుకోవడం నావల్ల కాదు, అడిగేస్తాను. రెండేళ్ళ క్రితం నీకు గర్భసంచి ఆపరేషన్ అయితే, అంతా అయిపోయాక పోస్టు కార్డు రాశావు. నేనొచ్చి నాలుగు రోజులుండి పత్యం వండిపెట్టేదాన్ని కానా? కిందటేడు మా అమ్మాయి పెళ్ళికొచ్చి, భోజనం కూడా చెయ్యకుండా ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయావు. "మా అత్త ఏది, మా అత్త ఏది" అని అది ఏడ్చినంత పనిచేసింది. ఆడపడుచు అలిగి వెళ్ళిందని మావాళ్ళందరూ నావైపు చూశారు. నేను పల్లెత్తు మాట అనలేదు.

ఇప్పుడు చెప్పు. నా ఇంట్లో ఏం మురికి చూశావు? నా చేతిలో ఏం లోపం చూశావు?

నీ వదిన


జూన్ 26

వదినకు,

నీ ఇంట్లో నేనేమీ చూడలేదు. నీ చేతిలో ఏ లోపమూ లేదు.

గది వెతకడం మానెయ్యి. నేను రావడం లేదు. నడుం నొప్పితో ఎవరూ చచ్చిపోరు. ఆసుపత్రికి వెళ్ళే వీలుంటే నా పేరు కొట్టేయించు, ఇంకెవరికైనా ఆ రోజు ఉపయోగపడుతుంది.

అన్నయ్యని అన్నం తినమను.

చంటి


జూలై 1

చంటికి,

ఇకమీద నీకు రాయకూడదనుకున్నాను. ఇది ఆఖరిది.

నీ పేరు కొట్టేయించలేదు. వెళ్ళాను, క్యూలో నిలబడ్డాను, కిటికీ దాకా వెళ్ళి వెనక్కొచ్చేశాను. నువ్వే వచ్చి కొట్టేసుకో.

మీ అన్నయ్య సంగతి రాయకూడదనే అనుకున్నాను, ఆయన కూడా రాయొద్దన్నాడు. కానీ ఎవరికి చెప్పుకోను? నువ్వు రావడం లేదని తెలిసిన మర్నాడు బజారుకెళ్ళి రెండు డబ్బాల రంగూ ఒక బ్రష్షూ తెచ్చాడు. అడిగితే, "హాల్లో గోడలు మాసిపోయాయి, నిజమే కదా, దానికి ఎలా నచ్చుతుంది" అన్నాడు. మనిషిని పెట్టుకుందాం అంటే వినడు. ఆ మోకాలితో స్టూలెక్కి తనే వేస్తున్నాడు. నేను క్యారేజీలు ఇచ్చి వచ్చేసరికి జుట్టంతా రంగు, కళ్ళజోడు మీద రంగు. బాత్రూములో పగిలిన పలక కూడా మార్పించాడు. నిన్న స్టూలు జారి కిందపడ్డాడు. దెబ్బేం తగల్లేదు. లేచి మళ్ళీ ఎక్కాడు.

"అది రాదుట, ఎవరికోసం ఇదంతా?" అని అరిచాను. "ఒకవేళ వస్తే?" అన్నాడు.

నాకు నీమీద ఎంత కోపం ఉందో అంత జాలి ఆయన మీద ఉంది. ఇంతకంటే రాయలేను. అక్షరాలు అలుక్కుపోతున్నాయి.

నీ వదిన


జూలై 4

వదినా,

అన్నయ్యని ఆ స్టూలు దిగమను. ఇది చదివిన వెంటనే దింపు. తర్వాత మిగతాది చదువు, ఒక్కదానివే చదువు.

నాది నడుం నొప్పి కాదు. ఆ ఆపరేషన్‌లో లోపలెక్కడో ఏదో దెబ్బతింది. అప్పట్నించీ నాకు మూత్రం ఆగదు. నాకు తెలియకుండానే పోతుంది. కూర్చున్నా, నిలబడ్డా, దగ్గినా, నిద్రలోనైతే ఇక చెప్పక్కర్లేదు. ఇదిగో, రాసేశాను. రెండేళ్ళలో డాక్టరుకి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు.

రాత్రి పాత చీరలు నాలుగు మడతలు వేసుకుని పడుకుంటాను. తెల్లారకముందే లేచి ఉతుక్కుని లోపలి గదిలోనే ఆరేసుకుంటాను. ఇంటికి ఎవర్నీ రానివ్వను. కౌంటర్లో ఒకరోజు టికెట్టు తీసుకుంటున్న ఒకావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. నావైపు చూడలేదు, మర్యాదస్తురాలు. ఆ సాయంత్రమే పార్సిళ్ళ గదికి వెయ్యమని అడిగాను. అక్కడ కోడిపిల్లల కంపులో నాది ఎవరికీ తెలియదు.

పెళ్ళిలో ఏం జరిగిందో చెప్తాను. మీ అమ్మాయి నన్ను లాక్కెళ్ళి తన పక్కన కూర్చోబెట్టుకుని ఫొటో తీయించుకుంది. లేచి చూస్తే కుర్చీ తడిసి ఉంది. పెళ్ళికూతురి పక్క కుర్చీ, వదినా. దానిమీద నా శాలువా కప్పేసి, గోడవారగా నడిచి, వెనక గుమ్మంలోంచి బయటపడ్డాను. బస్సులో సీటున్నా మా ఊరొచ్చేదాకా నిలబడే ఉన్నాను. అలిగానని అందరూ అనుకున్నా నాకు సంతోషమే అయింది. అలగడంలో పరువుంది.

నువ్వు ఆ తెల్ల గది గురించి రాసిన కొద్దీ నాకు చెమటలు పట్టాయి. పరుపు ఖరీదు వసూలు చేస్తారని నువ్వు మురిసిపోతూ రాశావు. నేను ఆ పొద్దున్న మేనేజరు ముందు నిలబడి ఉండటం కళ్ళకి కట్టింది. నీ కొత్త పరుపు అంతకంటే భయపెట్టింది. నువ్వు దాన్ని ఎండలో వేసి, ఏమీ అనకుండా, నవ్వుతూ, నాకు కాఫీ ఇస్తావు. అది నేను తట్టుకోలేను. నీ ఇల్లు శుభ్రంగా ఉంటుంది, ఎప్పుడూ ఉంటుంది. నా భయమంతా అదే.

ఆ డాక్టరమ్మ దీన్ని బాగుచేస్తుందట. నాలాంటివాళ్ళు చాలామందికి చేసిందట. నాకు రావాలనే ఉంది. చాలా ఉంది. ఎక్కడ పడుకోవాలో తెలియక రాలేకపోతున్నాను. ఇంత పెద్ద నగరంలో నాకొక మంచం దొరకదు, ఎంత వింతో చూడు.

నువ్వు నన్ను తిట్టినందుకు కోపం లేదు. నీమీద నాకు ఎప్పుడూ లేదు.

చంటి


జూలై 7

చంటీ,

నీ ఉత్తరం బాత్రూములో తలుపేసుకుని చదివాను. పంపు తిప్పి పెట్టుకుని ఏడ్చాను. పిచ్చిమొహమా, రెండేళ్ళు! నాకు చెప్తే నీ చీరలు నేను ఉతికేదాన్ని కదే. నిన్ను పట్టుకుని నా ఇంట్లో ఏం మురికి చూశావని అడిగానే, ఆ మాటకి నా నోరు పడిపోను. ఇప్పుడు నువ్వు ఎదురుగా ఉంటే ముందు రెండు తగిలించి, తర్వాత కావలించుకునేదాన్ని.

మీ అన్నయ్యకి ఇది ఆడవాళ్ళ జబ్బు అని మాత్రం చెప్పాను, ఇంకేమీ అడక్కు అన్నాను. అడగలేదు. బ్రష్షు కడుక్కుని వచ్చి, "అయితే నామీద కోపంతో కాదు కదా?" అన్నాడు. కాదన్నాను. వెంటనే కూర్చుని, పొద్దున్నించీ తిననివన్నీ కలిపి తిన్నాడు. స్టూలు పక్కవాళ్ళకి ఇచ్చేశాను.

ఇక గది. ఈసారి ఏం వెతకాలో నాకు తెలుసు కాబట్టి ఒక్క పూటలో దొరికింది. ఆసుపత్రి వెనక సందులో, కింద మందుల షాపు, పైన ఎనిమిది గదులు. రోగులతో వచ్చేవాళ్ళే ఎక్కువ దిగుతారట. అద్దె ఆ తెల్ల హోటల్లో సగం కూడా లేదు. నేల రెండుపూటలా తుడుస్తారు, నేను వేలితో రాసి చూశాను. దుప్పట్లు కాఫీరంగువి. బాత్రూము మంచం పక్కనే. మేడమీద ఆరేసుకోవచ్చు, చుట్టూ గోడ ఉంది.

కౌంటర్లో కుర్రాడు కాదు, నా వయసావిడ కూర్చుంది. నేను చాటుమాటుగా అడుగుదామనే వెళ్ళాను, కానీ నా గొంతు సంగతి నీకు తెలుసు. చెవుడు నాది, శిక్ష ఊరికి. "ముందే చెప్తున్నానండీ, రాత్రిళ్ళు పక్క తడుస్తుంది, తర్వాత పరుపు పాడైందని గోలచేస్తే ఊరుకోను" అన్నాను. బెంచీ మీద పేపరు చదువుకుంటున్న మగవాళ్ళు ముగ్గురూ తలెత్తారు. ఆవిడ పెన్ను పట్టుకుని, "ఎవరికండీ?" అంది.

నాకే అన్నాను.

ఎందుకన్నానో తెలీదు, నోట్లోంచి వచ్చేసింది. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. చెవుల దాకా వేడెక్కిపోయింది, చంటీ. నేల చీలితే బావుణ్ణనిపించింది. తర్వాత ఇంటికి నడుస్తుంటే తెలిసింది, నేను ఒక్క నిమిషం పడింది నువ్వు రెండేళ్ళు పడ్డావని. రోడ్డు మీదే మళ్ళీ ఏడ్చాను. కౌంటర్లో ఆవిడ మాత్రం నన్ను వింతగా చూడలేదు. "రబ్బరు షీటు వేయిస్తాం, అదనంగా రెండు దుప్పట్లు పెడతాం, పిలిస్తేనే లోపలికొస్తాం" అని రాసుకుంది. అలవాటైన పనిలాగా రాసుకుంది.

రెండు మంచాల గది తీసుకున్నాను. క్యారేజీలు వారం రోజులు బంద్. తినేవాళ్ళు వారం బయట తింటే నా విలువ తెలుస్తుంది. నేను నీతోనే ఉంటాను, నీ పక్క మంచం మీదే పడుకుంటాను, నా గురక నువ్వు భరించాలి. డాక్టరమ్మ దగ్గరికీ నేనే తీసుకెళ్తాను.

సోమవారం పొద్దున్న బస్టాండుకి మీ అన్నయ్య వస్తాడు. ఆయన నిన్నేమీ అడగడు. బస్సులో కూర్చునే రా.

ఒక్కటి గుర్తుపెట్టుకో. గది నా పేరు మీద ఉంది. అక్కడందరి లెక్కలో జబ్బు నాది, నువ్వు నాకు తోడుగా వచ్చిన ఆడపడుచువి. పొద్దున్న దుప్పట్లు మార్చడానికి వచ్చినప్పుడు నువ్వు తల దించుకోకు. దించుకోవాల్సినదాన్ని నేను, నేనే దించుకుంటాను.

నీ వదిన